పాత ట్రాక్టరు, మట్టల చిప్పర్, మధ్యలో ఒక షాఫ్టు

ప్రశ్న: మాది అంబాజీపేట మండలం. మూడెకరాల కొబ్బరి, అందులో అంతరపంటగా కోకో. రాలిన మట్టలు, కోకో కత్తిరింపుల్లో వచ్చే కొమ్మలు ఇన్నాళ్లూ గట్టున పోగేసి తగలబెడుతున్నాం. ఈమధ్య పీటీఓతో (ట్రాక్టరు వెనక తిరిగే కడ్డీతో) నడిచే, మట్టలను ముక్కలు చేసే సెకండ్ హ్యాండ్ చిప్పర్ తక్కువ ధరకు దొరికితే కొన్నాను. ట్రాక్టరు మా నాన్నగారు 1996లో కొన్న 35 హెచ్‌పీ బండి. క్లచ్, గేర్లు బాగున్నాయి. హ్యాండ్ బ్రేక్ పట్టదు. పీటీఓను చిప్పర్‌కు కలిపే షాఫ్టు మీద ఉండాల్సిన ప్లాస్టిక్ గొట్టం లేదు. "గ్రీజు పెట్టడానికి అడ్డం వస్తోందని నేనే తీసేశాను" అన్నాడు అమ్మినతను. పనిలో నేను, నా భార్య, ఒక కూలీ ఉంటాం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, ట్రాక్టరు నడపడం వచ్చు. వాడిని సీటు మీద కూర్చోబెట్టి ఎక్సలేటర్ చూసుకోమంటే సరిపోతుందా? ఇంకా ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: అబ్బాయి సంగతితోనే మొదలుపెడతాను. మిగతావి సరిచేసుకోవడానికి వ్యవధి ఉంది, దీనికి లేదు. అబ్బాయి వద్దు. సీటు మీదా వద్దు, మట్టలు అందించడానికీ వద్దు, చూడటానికీ వద్దు. ట్రాక్టరు నడపడం రావడం వేరు, పక్కన మనిషి కేక వేసినప్పుడు అదరకుండా ఇంజన్ ఆపే నాబ్ లాగడం వేరు. ఆ కేక వేసింది తండ్రో తల్లో అయితే పదమూడేళ్ల పిల్లవాడు సీటు మీద నుంచి దూకి మీ దగ్గరికే పరుగెత్తుకొస్తాడు. ఆ వయసులో మనమైనా అదే చేసేవాళ్లం. వాడికి యంత్రాల మీద అంత ఇష్టం ఉంటే పద్దెనిమిది నిండాక అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థకు పంపండి. పద్ధతిగా నేర్చుకుంటాడు.

అయితే మీ ఆలోచనలో సగం సరైనదే. ట్రాక్టరు సీటు మీద ఒక మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి పెద్దవారై ఉండాలి, ఇంజన్ ఆపడం తప్ప ఆయనకు వేరే పని ఏదీ ఉండకూడదు. మీరు ముగ్గురు ఉన్నారు కాబట్టి ఒకరు సీటు మీద, ఒకరు యంత్రంలో మట్ట పెట్టడానికి, ఒకరు దూరం నుంచి మట్టలు తెచ్చి పక్కన పడేయడానికి. మట్ట పెట్టే చిప్పర్ నోటి దగ్గర ఇద్దరు ఉండకూడదు. ఒకరు పెట్టిన మట్ట రెండోవారి కాలికో చేతికో తగులుకుని లాక్కుపోవడం ఇలాంటి చోటే జరుగుతుంది.

ఇక అమ్మినతను తీసేసిన ఆ గొట్టం. గ్రీజు పెట్టడానికి అడ్డం అన్నాడు కదా, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు దాన్ని జరుపుకుని పెట్టుకోవచ్చు. తిరుగుతున్న షాఫ్టుకు గ్రీజు పెట్టాలనుకునేవాడికి మాత్రం నిజంగా అడ్డమే.

పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. ట్రాక్టరు వెనక బయటికి కనిపించే ఆ పళ్ల కడ్డీ మందం 35 మిల్లీమీటర్లు, దాని చుట్టుకొలత పదకొండు సెంటీమీటర్లు. తొమ్మిది చుట్లంటే సెకనుకు దాదాపు ఒక మీటరు గుడ్డను అది చుట్టేసుకోగలదు. ఇది సన్నని కడ్డీ లెక్క. షాఫ్టులో క్రాస్ (కూడిక గుర్తు ఆకారపు ముక్క) ఉండే జాయింటు దగ్గర మందం పది సెంటీమీటర్లు అనుకున్నా సెకనుకు రెండున్నర మీటర్లు దాటుతుంది. మీ భుజం మీది తువ్వాలు పొడవు మీటరున్నర ఉంటుందేమో. ఏం జరుగుతోందో మీ తలకెక్కేలోపే అది మొత్తం లోపల ఉంటుంది. చీర కొంగైనా లుంగీ అంచైనా లెక్క ఇదే. పైగా జాయింటులో గ్రీజు నిపిల్ ఒకటి, పిన్ను ఒకటి పైకి పొడుచుకుని ఉంటాయి. గుడ్డకు అవే కొక్కేలు.

నా తువ్వాలు ఒకటి అలాగే పోయింది. పంపుసెట్టుకు పీటీఓ తగిలించి నీళ్లు పెడుతున్నాం, ఏదో చప్పుడు వస్తోందని వంగి చూశాను. మెడ చుట్టూ ఉండేది ఆ రోజు ఎందుకో భుజం మీద వదులుగా ఉంది. ఎవరో లాగినట్లు అనిపించింది, తలెత్తి చూసేసరికి షాఫ్టు మీద ఎర్రటి ఉండ గిరగిరా తిరుగుతోంది. దాన్ని కత్తితో కోసి తీయడానికి అరగంట పట్టింది. ఆ తరువాత ఎన్నో ట్రాక్టర్లు చూశాను గానీ, వంగేముందు చెయ్యి దానంతటదే భుజం తడుముకుంటుంది.

కాబట్టి ముందు షాఫ్టుకు కొత్త గార్డు గొట్టం కొనండి. రెండు చివర్లలో ఉండే సన్నని గొలుసులను ఒకటి ట్రాక్టరుకు, ఒకటి యంత్రానికి తగిలించండి. అవి ఉంటేనే గొట్టం షాఫ్టుతో పాటు తిరగకుండా నిలబడుతుంది. తగిలించాక ఇంజన్ ఆపి ఉంచి గొట్టాన్ని చేత్తో తిప్పి చూడండి, షాఫ్టు మీద అది విడిగా కదలాలి. పట్టేసి ఉంటే అది ఉన్నా లేనట్లే. పీటీఓ కడ్డీ మీద ట్రాక్టరుకు ఒక ఇనుప రేకు మూత కూడా వస్తుంది, పాత బండ్లలో అది ఎప్పుడో ఊడిపోయి పాకలో పడి ఉంటుంది. వెతకండి, దొరకకపోతే వెల్డింగ్ షాపులో చేయించండి. చిప్పర్ నడిపే రోజు తువ్వాళ్లు, లుంగీలు, వదులు చేతుల చొక్కాలు, చేతికి కట్టిన దారాలు ఉండకూడదు. మీ ఆవిడ చీర మీద బిగుతుగా ఒక పాత చొక్కా తొడుక్కుని, కొంగు లోపల దోపుకుంటే చాలనుకోకండి. చెమటకు, వంగి లేవడానికి దోపిన కొంగు ఊడుతుంది. షాఫ్టుకు, నోటికి దూరంగా మట్టలు తెచ్చే పని ఆవిడకు ఇవ్వడమే మేలు. తిరుగుతున్న షాఫ్టును ఎవరూ దాటకూడదు, దాని మీదుగా చెయ్యి చాపకూడదు. అవతలికి వెళ్లాలంటే ట్రాక్టరు ముందు నుంచి చుట్టి రావాలి.

ఇప్పుడు మీరు అడగని విషయం. 1996 నాటి బండి కాబట్టి నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది ఇదే.

రోటావేటర్ మీకు అలవాటే. క్లచ్ తొక్కితే అది నేలలో దిగబడి వెంటనే ఆగిపోతుంది. చిప్పర్ అలా ఆగదు. లోపల బ్లేడ్లు బిగించిన బరువైన ఇనుప చక్రం ఉంటుంది. ఒకసారి వేగం పుంజుకున్నాక మీరు క్లచ్ తొక్కినా, పీటీఓ తీసినా అది తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుంది. మీ బండి సింగిల్ క్లచ్‌ది అయితే పీటీఓకు, చక్రాలకు రెండింటికీ శక్తి గేర్‌బాక్సు గుండానే పోతుంది. అంటే దారి రెండు వైపులా తెరిచి ఉన్నట్లే. ఇంజన్ చిప్పర్‌ను తిప్పుతుంది, చిప్పర్ గేర్‌బాక్సును తిప్పగలదు. పని అయిపోయిందని క్లచ్ తొక్కి, పీటీఓ లీవర్ తీయకుండా గేరు వేశారనుకోండి. గేరు పళ్లు అరుస్తాయి. గేరు పడిందా, మీ కాలు క్లచ్ మీదే ఉన్నా బండి ముందుకు దూకుతుంది. దాన్ని తోస్తున్నది ఇంజన్ కాదు, వెనకనున్న ఆ ఇనుప చక్రం. నేల మీద నిలబెట్టిన చిప్పర్ అయితే షాఫ్టు రెండు ముక్కలుగా ఊడి వస్తుంది, ఊడిన ముక్క తిరుగుతూనే ఉంటుంది.

మీది సింగిల్ క్లచ్చా, డబుల్ క్లచ్చా తెలుసుకోవడం కష్టం కాదు. చిప్పర్, షాఫ్టు ఏవీ తగిలించకుండా, మైదానంలో, పీటీఓ వేసి మొదటి గేరులో నెమ్మదిగా పోనివ్వండి. క్లచ్ సగం తొక్కితే బండి ఆగి పీటీఓ తిరుగుతూనే ఉంటే డబుల్ క్లచ్. బండితో పాటు పీటీఓ కూడా ఆగితే సింగిల్. వెనక పీటీఓను చూసే మనిషి నాలుగు బారల దూరంలో ఉండాలి.

సింగిల్ అయితే మందు ఉంది. సైకిల్ ఫ్రీవీల్ తెలుసు కదా, తొక్కడం ఆపినా చక్రం పోతూనే ఉంటుంది, పెడళ్లు మాత్రం తిరగవు. పీటీఓకు కూడా అలాంటి ఫ్రీవీల్ కప్లింగ్ దొరుకుతుంది. పళ్ల కడ్డీకి అది ఎక్కించి, దాని మీద షాఫ్టు ఎక్కిస్తారు. ఇంజన్ చిప్పర్‌ను తిప్పగలదు, చిప్పర్ ఇంజన్‌ను గానీ గేర్లను గానీ తిప్పలేదు. కొన్ని షాఫ్టుల్లో ఇది కలిసే వస్తుంది, కొనేముందు మీ షాఫ్టులో ఉందేమో మెకానిక్‌కు చూపించండి. విడిగా వేయిస్తే కప్లింగ్ పొడవు అదనంగా చేరుతుంది కాబట్టి షాఫ్టు పొడవు మళ్లీ సరిచూసుకోవాలి. షాఫ్టులో ఒకదానిలో ఒకటి దూరే రెండు ఇనుప గొట్టాలు ఉంటాయి, పనిచేసేటప్పుడు అవి కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. అలాగని అడుగు తగిలేంత లోపలికీ పోకూడదు, తగిలితే ట్రాక్టరు పీటీఓ బేరింగులను గుద్దుతుంది. యంత్రం ఎత్తు చూసుకుని షాఫ్టు వీలైనంత తిన్నగా ఉంచండి. వాలు పదిహేను డిగ్రీలు దాటితే క్రాసులు త్వరగా అరుగుతాయి.

ఫ్రీవీల్ వేశాక ఒకటి గుర్తుంచుకోవాలి. ఇప్పుడు చిప్పర్‌ను పట్టి ఆపే ఇంజన్ లేదు కాబట్టి అది ఇంకా ఎక్కువసేపు తిరుగుతుంది. చప్పుడు తగ్గింది కదా అని మూత తీస్తే బ్లేడు లోపల ఇంకా తిరుగుతూ ఉండవచ్చు. మొదటి రోజు ఖాళీగా తిప్పి ఆపి, చక్రం పూర్తిగా నిలిచేందుకు ఎంతసేపు పట్టిందో ఫోనులో చూసుకోండి. ఆ సంఖ్యకు రెట్టింపు మూత మీద పెయింటుతో రాయండి.

పాత బండిలో ఇంకో తిరకాసు. తాళం తిప్పితే ఇంజన్ ఆగదు. డీజిల్ ఆపే నాబ్ లాగాలి. ఆ నాబ్ తీగ తుప్పు పట్టి సగంలో ఆగిపోయే బండ్లు ఎన్నో. చాలామంది గేరులో వేసి క్లచ్ వదిలి ఇంజన్‌ను చంపడం అలవాటు చేసుకుని ఉంటారు. చిప్పర్ తగిలించిన రోజు ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. తీగ మార్పించండి, నూటికి నూరుసార్లు ఒక్క లాగుకు ఆగాలి. నాబ్‌కు ఎర్ర రంగు వేయండి. సీటు మీద కూర్చునే మనిషి చేత, మట్ట పెట్టే మనిషి చేత కూడా పదిసార్లు లాగించి చూడండి. మీరు చెయ్యెత్తితే ఆపాలి, అరుపు కోసం చూడకూడదు. ఆ చప్పుడులో అరుపు వినబడదు, చెవుల్లో దూది పెట్టుకున్నా పెట్టుకోకపోయినా. (దూది కాదు, ఇయర్ ప్లగ్గులే పెట్టుకోండి. కళ్లకు వెల్డింగ్ షాపులో దొరికే తెల్ల అద్దాలు కూడా.)

హ్యాండ్ బ్రేక్ బాగుచేయించే దాకా యంత్రం తగిలించకండి. చక్రాల కింద రాయి పెడతాం అంటారు, పెట్టండి, బ్రేకుతో పాటు పెట్టండి. అదిరే బండి కింద నుంచి గుండ్రాయి జారిపోతుంది, చెక్క దిమ్మె నయం. చదునైన గట్టి నేల, గేరు న్యూట్రల్, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు.

స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ దగ్గర తాకించి స్టార్ట్ చేసే అలవాటు ఉంటే దానికీ ఈ రోజుతో స్వస్తి. బండి పక్కన నిలబడి అలా స్టార్ట్ చేసినప్పుడు గేరులో ఉంటే పెద్ద చక్రం మీదికే వస్తుంది.

లాగుతుందా అని నేరుగా అడగలేదు గానీ, అదీ మీ మనసులో ఉండే ఉంటుంది. 35 హెచ్‌పీ అనేది ఇంజన్ లెక్క. పీటీఓ దగ్గరికి వచ్చేసరికి కొత్త బండిలోనే ఇంచుమించు 30 ఉంటుంది, మీ బండి వయసుకు ఇంకా తగ్గి ఉంటుంది. చిప్పర్ మీది రేకు పలకలో ఎంత హెచ్‌పీ కావాలని ఉందో చూసి, దానికంటే మీది తక్కువైతే ఆశ పెట్టుకోకండి. సరిపోతే 540 చుట్లు వచ్చే చోట ఎక్సలేటర్ లీవర్‌కు గీత గీసుకోవాలి. చుట్లు చూపే మీటరు పనిచేయకపోతే మెకానిక్ దగ్గర కాంతితో చుట్లు లెక్కపెట్టే చిన్న పరికరం ఉంటుంది, దానితో దూరం నుంచే కొలవమనండి. పీటీఓ ఎప్పుడూ ఇంజన్ నెమ్మదిగా ఉన్నప్పుడే వేసి, ఆ తరువాత గీత దాకా పెంచాలి. డీజిల్ మిగులుతుందని సగం వేగంతో నడిపితే మట్ట తెగక నమిలినట్లై ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటేనే కదా మనిషి చెయ్యి పెట్టేది.

ఆ చెయ్యి గురించి. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోతుండటంతో 1983లో కేంద్రం ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టమే చేసింది. ఆ యంత్రాలకు పంట పెట్టే తొట్టి కనీసం 90 సెంటీమీటర్ల పొడవు ఉండాలని, అందులో సగం పైన మూసి ఉండాలని నియమం. ఎందుకో ఇట్టే తెలుస్తుంది, మీ భుజం నుంచి వేలి కొస దాకా కొలవండి, 90 రాదు. మీ చిప్పర్ నోటి అంచు నుంచి బ్లేడు దాకా ఇంజన్ ఆపి, షాఫ్టు ఊడదీసి టేపు పెట్టి చూడండి. చెయ్యి అందేంత ఉంటే రేకుతో పొడవు పెంచాలి. మనిషి వంగితే భుజం కూడా లోపలికి పోతుందని లెక్కవేసుకుని పెంచండి. లోపలికి లాగే రోలర్లు ఉన్న రకమైతే, వాటిని వెనక్కి తిప్పే లీవర్ పనిచేయకుండా యంత్రం నడపవద్దు.

మట్టను మొదలు వైపు నుంచి పెట్టాలి, బ్లేడు పట్టిందని తెలియగానే వదిలేయాలి. ఎదురుగా కాదు, పక్కన నిలబడాలి. లావు మొదలు ఒక్కసారి ఎగిరి కొడుతుంది. ఆకులు, చిన్న కొమ్మలు పొట్టిగా ఉంటే చేత్తో తోయకండి, తరువాతి మట్ట వాటిని తోస్తుంది. తోయాల్సే వస్తే కర్రతో, ఇనుప కడ్డీతో కాదు. కర్ర పోతే ముక్కలవుతుంది, కడ్డీ పోతే బ్లేడు ముక్కలవుతుంది. మోపు కట్టిన కొబ్బరి తాడు, ఇనుప తీగ ముందే విప్పి పక్కన పడేయాలి. తాడు ఒక కొస లోపలికి పోతే రెండో కొస ఎవరి కాలి చుట్టూ ఉందో ఎవరూ చూసుకోరు. చేతి తొడుగులు వేసుకుంటే మణికట్టు దగ్గర బిగుతుగా ఉన్నవే. పోగు కదిలించే ముందు కర్రతో తట్టండి, కోనసీమలో మట్టల పోగు కింద ఏముంటుందో మీకు నేను చెప్పక్కరలేదు.

షాఫ్టు దగ్గర ఒక మెత్తని బోల్టు ఉంటుంది. లోపల ఏదైనా అడ్డుపడితే అది తెగి మిగతాదాన్ని కాపాడాలి. సెకండ్ హ్యాండ్ యంత్రాల్లో నేను మొదట చూసేది దాన్నే. మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టో, మేకో దిగ్గొట్టి ఉంటారు, ఫ్యూజులో లావు తీగ కట్టినట్లు. దాని తల మీద గట్టిదనం చెప్పే 8.8 అనో 10.9 అనో అచ్చు ఉంటే, తయారీదారు చెప్పింది అదేనా అని కనుక్కోండి. మాటిమాటికీ తెగుతుంటే బ్లేడు మొద్దుబారిందనో, లోపలికి ఎక్కువ పెడుతున్నారనో అర్థం.

ముక్కలు పడే గొట్టాన్ని ట్రాక్టరు వైపు తిప్పకండి, గాలి కూడా అటు వీచకుండా బండి నిలపండి. పొట్టు రేడియేటర్‌కు పట్టేస్తే ఇంజన్ వేడెక్కుతుంది. మీ బండిలో గాలి శుభ్రం చేసేది నూనె గిన్నె రకమే అయి ఉంటుంది, ఆ రోజు మధ్యాహ్నానికే చూసి నూనె మార్చండి. వేడి సైలెన్సర్, కారే డీజిల్, ఎండు పొట్టు ఒకచోట చేరకూడదు. రెండు బిందెల నీళ్లు, ఒక బస్తా ఇసుక దగ్గర ఉంచుకోండి.

ఒక్క రోజులో అంతా పూర్తి చేయాలని పెట్టుకోకండి. ఎకరానికి 70 చెట్లు అనుకుంటే మీకు 210, చెట్టుకు ఏడాదికి సుమారు 12 మట్టలు రాలతాయి. అంటే నెలకు 210 మట్టలు, ఒక పూట పని. సాయంత్రం చీకటి పడుతుండగా "ఇంకో నాలుగే" అని పెట్టే ఆ నాలుగు మట్టల దగ్గరే నాకు భయం.

ముక్కలను ఒకేచోట గుట్టగా పోయవద్దు. కుళ్లే గుట్టలో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, మళ్లీ మీ కొబ్బరి మొవ్వులకే ఎక్కుతుంది. చెట్ల పాదుల్లో పలుచగా పరచండి, మొదలుకు ఆనకుండా. కోకో కొమ్మల్లో తెగులు సోకినవి ఉంటే వాటిని యంత్రంలో పెట్టకుండా వేరుచేయండి.

హ్యాండ్ బ్రేక్, నాబ్ తీగ, గార్డు గొట్టం, ఫ్రీవీల్ కలిపి ఎంతవుతుందో మెకానిక్‌ను అడిగి చూసుకోండి. చిప్పర్‌ను తక్కువ ధరకు కొన్నాను అన్నారు కదా, ఈ నాలుగింటి ఖర్చు కూడా కలిపితేనే దాని అసలు ధర.